కరక్కాయ మళ్లీ తోలులోకి ఎలా వచ్చింది: నేటి వివాదానికి మూలం 1973

2025 తొలి ఐదు నెలల్లో తోళ్ల పరిశ్రమకు సంబంధించిన మూడు నిర్ణయాలు ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి. జనవరి 30న తమిళనాడులోని పాలారు నది కాలుష్యంపై తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, బాధితులకు ముందుగా ప్రభుత్వమే పరిహారం చెల్లించి, ఆ సొమ్మును కాలుష్యానికి కారణమైన టానరీల (పచ్చి తోళ్లను కుళ్లకుండా పదును చేసే కర్మాగారాల) నుంచి రాబట్టాలని ఆదేశించింది. ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్, పదును చేసి ఆరబెట్టినా తుది మెరుగులు దిద్దని క్రస్ట్ తోలుపై ఉన్న 20 శాతం ఎగుమతి సుంకాన్నీ, క్రోమియం లవణంతో పదును చేసి తడిగా ఉంచిన నీలి రంగు వెట్ బ్లూ తోలుపై ఉన్న దిగుమతి సుంకాన్నీ ఎత్తివేసింది. మే 26న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, ఫలానా ఓడరేవుల నుంచే తోలు పంపాలన్న ఆంక్షనూ, ఎగుమతికి ముందు చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ ధ్రువీకరణ ఉండాలన్న నిబంధననూ తొలగించింది. చెట్టు బెరడుతో పదును చేసే ఈస్ట్ ఇండియా తోలుకు కూడా ఈ సడలింపు వర్తించింది.

దీంతో పాత వాదం మళ్లీ మొదలైంది. క్రోమ్ లవణంతో పదును చేసిన తోలులో యాంటీ ఆక్సిడెంట్‌గా (గాలి వల్ల చెడిపోకుండా కాపాడేదిగా) కొంత కరక్కాయ సారమో, వాటిల్ అనే తుమ్మ జాతి చెట్టు బెరడు సారమో కలిపితే చాలునా, లేక బెరడు పదునుకే తిరిగి వెళ్లాలా అన్నది అందులో ఒక ప్రశ్న. అలా కలిపినంత మాత్రాన ఆ చెప్పుల మీద, సంచుల మీద 'ప్రకృతి సిద్ధం' అని రాసుకోవచ్చునా అన్నది రెండో ప్రశ్న. ముఖానికి రాసుకునే క్రీముల విషయంలో ఇదే ప్రశ్న చాలాకాలంగా ఉంది. కరక్కాయ, ఉసిరి సారాలు కొద్దిపాటి మోతాదులో కలిపిన క్రీము డబ్బా మీద ఆ కాయల బొమ్మ మాత్రం పెద్దదిగా ఉంటుంది.

ఈ వివాదాన్ని చాలామంది 1996 నాటి వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసు నుంచి మొదలుపెట్టి చెబుతారు. ఆ ఏడాది ఆగస్టు 28న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్నీ, ముందుజాగ్రత్త సూత్రాన్నీ మన దేశ చట్టంలో భాగమని ప్రకటించింది. టానరీల వల్ల సుమారు 35 వేల హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో, కొంతమేరకో పనికిరాకుండా పోయిందన్న అంచనా ఆ తీర్పులోనే నమోదైంది. అది అందరికీ తెలిసిన కథే. అయితే కోర్టు చూసింది ఫలితాన్ని. ఆ ఫలితానికి దారితీసిన మలుపు అంతకు 23 ఏళ్ల ముందే వచ్చింది.

ఆ మలుపు అర్థం కావాలంటే ఈస్ట్ ఇండియా తోలు ఎలా తయారయ్యేదో కొంత తెలియాలి. తంగేడు బెరడులో తోలును పదును చేసే వగరు పదార్థం, టానిన్, సుమారు 18 శాతం ఉంటుంది. సున్నం పెట్టి వెంట్రుకలు తీసి, కండ గీకి శుభ్రం చేసిన తోళ్లను ఆ బెరడు నానిన నీటిలో, పలచని తొట్టి నుంచి చిక్కని తొట్టికి మారుస్తూ వారాల తరబడి ఊరబెట్టేవారు. తెలుగు పల్లెల్లో మాదిగలు తోళ్లు ఊరబెట్టే లందల్లో చేసిన పనికీ దీనికీ మూలసూత్రం ఒక్కటే. మద్రాసు వ్యాపారం ఆ పనిని ఎగుమతి స్థాయికి పెంచింది. బతుకమ్మలో మొదట పేర్చే పువ్వుగా, తెలంగాణ రాష్ట్ర పుష్పంగా నేడు మనకు తెలిసిన తంగేడు, దక్షిణ భారత తోళ్ల వ్యాపారానికి ఒక శతాబ్దం పాటు ప్రాణాధారంగా నిలిచింది.

తంగేడుకు ఒక లోపం ఉంది. దానితో పదును చేసిన తోలు వెలుతురు తగిలితే ఎర్రబడిపోతుంది. అందుకని చివరి దశలో ఆ తోళ్లను కరక్కాయ నీళ్లలో ముంచి తీసేవారు. కరక్కాయ టానిన్ వేరే జాతిది. అది పట్టిన తోలు ఎర్రబారకుండా లేత పసుపు వన్నెలో నిలుస్తుంది. ఐరోపా కొనుగోలుదారులు ఈస్ట్ ఇండియా తోలును గుర్తుపట్టింది ఆ వన్నెతోనే. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాట వాడుకలోకి రాకముందే తోలు మీద గాలీ వెలుతురూ చేసే చెరుపును ఆపేందుకు కరక్కాయను వాడిన పనివాళ్లు వీరు. ఇనుప కత్తితో కరక్కాయను కోస్తే కోసిన చోట నల్లబడుతుంది. ఇనుప లవణమైన అన్నభేదితో కలిపి సిరా చేసినా, శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపిన బట్ట మీద ఇనుప కషాయంతో నల్ల గీత గీసినా పనిచేసేది ఆ గుణమే. ఈ జ్ఞానం ఒక్క తోళ్ల పనివారిది మాత్రమే కాదు, ఈ ప్రాంతమంతటిది.

ఇక 1973 సంగతి. అప్పటిదాకా మన దేశం నుంచి వెళ్లే తోళ్లలో ఎక్కువ భాగం పచ్చి తోళ్లు, సగం తయారైన తోళ్లే. అసలు లాభం, ఉద్యోగాలు విదేశాలకు పోతున్నాయని సీతారామయ్య కమిటీ తేల్చి చెప్పింది. ఆ నివేదికను అనుసరించి కేంద్రం పచ్చి తోళ్ల ఎగుమతిని నిషేధించింది, సగం తయారైన తోళ్లకు కోటా పెట్టింది, పూర్తిగా తయారైన తోలుకూ, చెప్పులు, దుస్తుల వంటి వస్తువులకూ ప్రోత్సాహకాలు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే, దాని వల్ల లక్షల మందికి ఉపాధి దొరికిన మాట కూడా నిజమే. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టి, తోళ్ల పరిశోధన సంస్థకు సారథ్యం వహించి, 1971 నుంచి 1977 దాకా శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా ఉన్న యలవర్తి నాయుడమ్మ తరం శాస్త్రవేత్తలు, తోలు పనిని చిన్నచూపు నుంచి బయటపడేసి గౌరవప్రదమైన పరిశ్రమగా నిలబెట్టాలని మనస్ఫూర్తిగా కోరుకున్నారు.

అయితే కోటా పడిన తీరును చూడాలి. ఈస్ట్ ఇండియా తోలు పుట్టుకతోనే సగం తయారైన సరుకు. దాన్ని కొన్న విదేశీ టానరీలు తమ అవసరాన్ని బట్టి మళ్లీ పదును చేసి, రంగు వేసుకునేవి. 'సగం తయారైన సరుకు వద్దు' అనడమంటే, ఆ తోలు చేసేవారికి ఉన్న ఏకైక అంగడిని మూయడమే. వెట్ బ్లూకు కూడా అదే కోటా వర్తించింది, నిజమే. కానీ వెట్ బ్లూ చేసేవారి చేతిలో అప్పటికే తిరిగే డ్రమ్ములు ఉన్నాయి. పెట్టుబడి దొరికితే మరో రెండు మెట్లు ఎక్కి చెప్పుల పైతోలు చేయగలరు. తొట్టెలు తప్ప మరేమీ లేని బెరడు టానరీకి ఎక్కడానికి మెట్టే లేదు. బ్యాంకు అప్పులూ, యంత్రాల దిగుమతి రాయితీలూ పూర్తి తయారీ వైపే వెళ్లాయి. విదేశీ మార్కెట్ కోరిన మెత్తని, పలచని, రంగు రంగుల పైతోలుకు క్రోమ్ పదునే తేలిక దారి.

క్రోమ్ పక్షం వాదాన్ని తక్కువ చేసి చూపడం న్యాయం కాదు. బెరడు పదునుకు వారాలు పడితే క్రోమ్ పదును ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. ఆ తోలు మరిగే నీటి వేడిని కూడా తట్టుకుంటుంది. 1903లో మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ప్రభుత్వ పక్షాన క్రోమ్ ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నవాటిలో రైతు మోట బావిలో వాడే తోలు బాన ఒకటి. నీటిలో నానినా త్వరగా కుళ్లని తోలు రైతుకు కావాలి. బెరడు పదును కూడా కాలుష్యం లేనిదేమీ కాదు. ఆ నీళ్లు నల్లగా, ఘాటుగా ఉంటాయి, వాటిని శుద్ధి చేయడం కష్టం. పాలారు పరిసరాల్లో భూగర్భ జలాన్ని ఉప్పగా మార్చినదాంట్లో ఎక్కువ వంతు తోళ్లను నిలవ చేయడానికి చల్లే ఉప్పుదే. పదును ఏదైనా ఆ ఉప్పు తప్పదు. ఇవన్నీ ఒప్పుకోవలసిన విషయాలే.

అయినా క్రోమ్‌కు మాత్రమే చెందిన ఒక చిక్కు ఉంది, నేటి వివాదమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. పదునుకు వాడేది క్రోమియం లోహపు ఒక రూపమైన క్రోమియం-3. అది చర్మానికి పెద్దగా హాని చేయదు. డ్రమ్ములో వేసిన లవణంలో మూడో వంతు దాకా తోలుకు పట్టకుండా నీళ్లలోనే మిగిలిపోవడం ఒక సమస్య. తోలుకు పట్టినదానిలో కొంత తర్వాత క్రోమియం-6గా మారడం మరో సమస్య. మెత్తదనం కోసం తోలుకు పట్టించే నూనెల్లో, ముఖ్యంగా చేప నూనెల్లో, వేడికీ వెలుతురుకూ ఫ్రీ రాడికల్స్ అనే నిలకడ లేని, చురుకైన అణువులు పుడతాయి. అవి క్రోమియం-3ను క్రోమియం-6గా మారుస్తాయి. క్రోమియం-6 చర్మానికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది, ఒకసారి పడనిది జీవితాంతం పడదు. క్రీములోని నూనె గాలికి మక్కిపోవడం, తోలులోని నూనె గాలికి చెడి క్రోమియాన్ని మార్చడం ఒకే రసాయన చర్యకు రెండు రూపాలు. క్రీములో విటమిన్-ఇ ఎందుకు వేస్తారో, తోలులో టానిన్ అందుకే వేస్తారు.

ప్రయోగశాలలో దీన్ని కళ్లతో చూడవచ్చు. తోలు ముక్కను 80 డిగ్రీల వేడిలో, తేమ లేని గాలిలో 24 గంటలు ఉంచుతారు. అప్పటిదాకా పరీక్షలో నెగ్గిన తోలు సైతం కొన్నిసార్లు ఆ తర్వాత ఓడిపోతుంది. ముక్క నుంచి తీసిన ద్రావణంలో డైఫినైల్ కార్బజైడ్ అనే కారకం వేస్తే, క్రోమియం-6 ఉన్న మేరకు ఊదా రంగు తేలుతుంది. టానిన్ సారం కలిపి మళ్లీ పదును చేసిన ముక్కలో ఆ రంగు చాలావరకు రాదు. ఫ్రీ రాడికల్స్ క్రోమియం జోలికి వెళ్లేలోపే టానిన్ వాటిని పట్టుకుంటుంది. పుట్టిన కాస్త క్రోమియం-6ను కూడా తిరిగి క్రోమియం-3గా మారుస్తుంది.

డెన్మార్క్ 2012లో సమర్పించిన ప్రతిపాదన మీద ఐరోపా సమాఖ్య 2014 మార్చిలో నిబంధన చేసింది. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో క్రోమియం-6 కిలోకు 3 మిల్లీగ్రాములకు చేరితే అమ్మకూడదన్న ఆ నిబంధన 2015 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. జర్మనీ అంతకుముందే, 2010లోనే, ఇలాంటి పరిమితి పెట్టుకుంది. ఫ్రాన్స్, స్వీడన్‌లు 2019లో పెట్టిన మరో ప్రతిపాదన ఈ పరిమితిని 1 మిల్లీగ్రాముకు తగ్గించాలని కోరింది. ఆ ఒత్తిడితోనే 1973 తర్వాత పక్కకు తోసేసిన కరక్కాయ, బెరడు సారాలు మళ్లీ టానరీలోకి వచ్చాయి. అయితే అవి ఇప్పుడు వచ్చింది పదును ద్రవ్యంగా కాదు, క్రోమ్ చేసే కీడుకు కొద్ది శాతం మోతాదులో విరుగుడుగా.

ఈలోగా తొట్టె టానరీలకు ఏమైందో చెప్పుకోవాలి. 1989 డిసెంబరులో జర్మనీ పెంటాక్లోరోఫినాల్ అనే బూజునాశినిని నిషేధించింది. బెరడు పదును తోలు బూజు పట్టకుండా దాన్ని వాడే అలవాటు ఉండేది కనుక, కోటా దెబ్బకు తట్టుకుని మిగిలినవారి మీద ఈ దెబ్బ పడింది. తంగేడు సేకరణ తగ్గి, దాని స్థానంలో దిగుమతి వాటిల్ బెరడు సారం వచ్చింది. నేడు ఈస్ట్ ఇండియా తోలుకు భౌగోళిక గుర్తింపు ఉంది కానీ, చాలాచోట్ల దాని తొట్టిలో ఉన్నది ఆఫ్రికా నుంచి వచ్చిన పొడి. తొట్టి దగ్గర నిలబడి నీటి రంగు చూసి, వేలికి అంటిన జిగురు చూసి మరుసటి తొట్టికి మార్చే వేళ చెప్పగలిగిన పనివారి పిల్లలు ఆ పని నేర్చుకోలేదు. నేర్చుకుని బతికే దారి 1973 తర్వాత వారికి ఎవరూ చూపలేదు. యాభై ఏళ్ల తర్వాత ఓడరేవు ఆంక్ష తీసేసి, ధ్రువీకరణ అక్కర్లేదని చెప్పినంత మాత్రాన ఆ చేతులు తిరిగి రావు.

చెప్పుల తయారీదారులు ఈ సడలింపుల మీద వేరే కోణంలో ఆందోళన పడుతున్నారు. సుంకం లేకుండా క్రస్ట్ తోలు బయటికి పోతే తమకు ముడిసరుకు ఖరీదవుతుందనీ, 1973లో తీసుకున్న నిర్ణయానికి ఇది నీళ్లు వదలడమేననీ వారి మాట. అందులో న్యాయం ఉంది. కాకపోతే 1973 నిర్ణయం ఎవరిని నిలబెట్టిందో వారు చెబుతున్నారు, ఎవరిని పడగొట్టిందో చెప్పడం లేదు.

లేబుల్ సంగతికి వస్తే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో పర్యావరణం పేరిట చేసే తప్పుడు ప్రచారాలపై మార్గదర్శకాలు తెచ్చింది. 'సహజం', 'హరితం' వంటి మాటలను తగిన వివరణ, ఆధారం లేకుండా వాడరాదని అవి చెబుతున్నాయి. క్రీము డబ్బాకూ, తోలు సంచికీ ఇవి ఒకేలా వర్తిస్తాయి. క్రోమ్ తోలులో కొద్దిగా కరక్కాయ సారం కలిపితే దాన్ని 'క్రోమియం-6 రాకుండా టానిన్‌తో రక్షించిన క్రోమ్ తోలు' అని రాయవచ్చు. ఆ మాట నిజం, కొనేవారికి పనికొచ్చేది కూడా. 'ప్రకృతి సిద్ధమైన తోలు' అన్న మాట నిజం కాదు. ఐరోపా ప్రమాణం ప్రకారం మొత్తం క్రోమియం 0.1 శాతం దాటని తోలునే క్రోమ్ రహితం అనాలి. ఈ పరీక్ష క్రోమియం-6 పరీక్ష కంటే వేరు, కనుక ఒకదానిలో నెగ్గిన కాగితం చూపి రెండోదాని పేరు రాసుకోవడం కుదరదు. చాలాసార్లు ప్రయోగశాలకు పోకుండానే తేడా తెలుస్తుంది. పట్టీ అంచును పదునైన కత్తితో కోసి చూస్తే బెరడు తోలు లోపలి దాకా ఒకే గోధుమ రంగులో ఉంటుంది. క్రోమ్ తోలులో పైరంగు కింద సన్నని నీలి బూడిద చార కనబడుతుంది.