బోర్డు మీటింగ్ వెనక పని: అపోహలు - వాస్తవాలు

మా పిన్ని కూతురు డిగ్రీ పూర్తి చేసి చెన్నైలో ఉద్యోగం వెతుక్కుంటోంది. మొన్న వేళచ్చేరిలో మా ఇంటికి వచ్చినప్పుడు అడిగింది: "అక్కా, బోర్డు మీటింగులకి నువ్వు చేసేదేంటి? టీలు, కుర్చీలు చూసుకోవడమా?" ఒక అంతర్జాతీయ ఆర్థిక సంస్థ బోర్డు పనికి పన్నెండేళ్లుగా ఇక్కడి నుంచి సపోర్ట్ ఇస్తున్నాను. ఈ ప్రశ్న ఇంట్లోనూ బయటా చాలామంది అడిగారు. దానికి చెప్పిన జవాబే ఇది.

అపోహ: ఇలాంటి పనులన్నీ విదేశాల్లోనే ఉంటాయి.

ప్రపంచ బ్యాంకుకు 2001 నుంచీ చెన్నైలో ఆఫీసు ఉంది. నేను పనిచేసేది వేరే సంస్థకి. ఏదైనా సరే, ఫైళ్లు నడిపే పనికి ఊరు అడ్డం కాదు.

అపోహ: బోర్డు ఏడాదికి నాలుగుసార్లు కూర్చుంటుంది, మిగతా రోజులు ఖాళీ.

మన కంపెనీల చట్టం ప్రకారం బోర్డు ఏడాదికి కనీసం నాలుగుసార్లు సమావేశం కావాలి. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) బోర్డుల్లో ఇరవై ఐదేసి మంది డైరెక్టర్లు వాషింగ్టన్‌లోనే ఉంటారు, ప్రతివారం కూర్చుంటారు. మనీలాలోని ఏడీబీకి (ఆసియా అభివృద్ధి బ్యాంకుకి) పన్నెండుమంది. బీజింగ్‌లోని ఏఐఐబీలోనూ (ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకులోనూ) పన్నెండుమందే, కానీ వాళ్లు ఎవరి దేశంలో వాళ్లుంటారు.

ఐఎంఎఫ్‌లో మన దేశానికి విడిగా కుర్చీ లేదు. బంగ్లాదేశ్, భూటాన్, శ్రీలంకలతో కలిపి ఒకే డైరెక్టర్. అంటే బోర్డు ముందుకొచ్చే ఒక పేపర్ (ప్రతిపాదన పత్రం) మీద ఆ ఒక్క కుర్చీ మాట్లాడాలంటే నాలుగు రాజధానుల అభిప్రాయం కనుక్కోవాల్సి రావచ్చు. మేం పేపర్ ఒకరోజు ఆలస్యం చేస్తే తగ్గేది వాళ్లు ఆలోచించుకునే సమయం.

అపోహ: పేపర్లు అప్‌లోడ్ చేస్తే పని అయిపోయినట్టే.

అసలు పని ఇక్కడే ఉంది. చేరిన రెండో ఏడు, ఒక రుణం పేపర్ అందరికీ పంపేశాక అనుబంధంలో ఒక పట్టిక కూడిక తప్పిందని చూశాను. లోపల పేరాలో 150 మిలియన్ డాలర్లు అని ఉంది, పట్టిక కూడితే 145 వస్తోంది. రాసిన టీమ్‌ని అడిగితే పట్టికలో ఒక వరుస జారిపోయిందన్నారు. సరిచేసిన ఫైల్ తెచ్చి పాతదాని స్థానంలో పెట్టేశాను. మంచి పనే చేశాననుకున్నాను. మర్నాడు ఒక డైరెక్టర్ సలహాదారు ఫోన్ చేశారు: "నిన్న నేను ప్రింట్ తీసుకున్న పేజీ, ఇవాళ కనిపిస్తున్న పేజీ ఒకటి కాదు. మా మంత్రిత్వ శాఖకి నిన్నటిదే పంపాను. ఇప్పుడు ఏది నమ్మాలి?"

నా దగ్గర సమాధానం లేదు. తప్పును దిద్దడం ఒక్కటే చాలదని, దిద్దినట్టు అందరికీ తెలియాలని ఆ రోజు అర్థమైంది. అందుకే ఒకసారి పంపిన పేపర్‌ని ఇప్పుడు ముట్టుకోను. ఏ పేజీ, ఏ వరుస, ముందు ఏముంది, ఇప్పుడేముంది, ఇవన్నీ రాసి తేదీ వేసి సవరణ పత్రం విడిగా పంపుతాం. ఒక దేశం తీర్చాల్సిన అప్పు అది. ఏ కాగితం చూసి ఒప్పుకున్నారో పదేళ్ల తర్వాత అడిగినా చూపించగలగాలి.

అపోహ: టైమ్ పెట్టడంలో ఏముంది, క్యాలెండర్ చూసుకుంటుంది.

వాషింగ్టన్‌లో పొద్దున పది అంటే మనకు చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నర, మార్చి రెండో ఆదివారం నుంచి ఏడున్నర. యూరప్ గడియారాలు మారేది మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో లండన్ నుంచి కలవాల్సినవాళ్లకి మామూలుగా మూడింటికి ఉండే మీటింగ్ రెండింటికే వస్తుంది. ఆ రెండు మూడు వారాలూ నేను ఒక్కొక్కరికీ వాళ్ల ఊరి టైమ్ రాసి మెయిల్ పెడతాను.

అపోహ: అన్నీ ఓటింగుతోనే తేలతాయి, మినిట్స్ (మీటింగ్ రికార్డు) అంటే అన్న ప్రతి మాటా రాయడం.

చేతులెత్తడం అరుదు. ఎక్కువగా ఏకాభిప్రాయమే, అధ్యక్ష స్థానంలో ఉన్నవారు సారాంశం చెబుతారు. ఓట్ల బరువు మాత్రం వెనకాల ఉంటుంది. ఐఎంఎఫ్‌లో కోటాలు (సభ్య దేశాల వాటాలు) మార్చాలంటే 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతం పైన ఉన్నాయి, అంటే అది కాదంటే మారవు. ఇంకొన్ని పేపర్లకు మీటింగే ఉండదు. గడువులోపల ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదం పొందినట్టే. అలాంటి రోజు ఆఖరి గంటలో నేను మెయిల్‌బాక్స్ ముందు నుంచి లేవను.

మినిట్స్‌లో ముఖ్యమైంది నిర్ణయం. "బోర్డు గమనించింది" అన్నదానికీ "బోర్డు ఆమోదించింది" అన్నదానికీ తేడా కొన్ని కోట్ల డాలర్లు. ఓటుకు దూరంగా ఉన్నవాళ్లుంటే ఆ సంగతి తప్పకుండా ఎక్కాలి.

అపోహ: ఇక ఏఐ వచ్చేసింది, ఈ ఉద్యోగాలుండవు.

మాటలు టైప్ చేసే పని తగ్గుతుంది, అది నిజమే. కానీ "గమనించింది", "ఆమోదించింది" అన్న రెండు మాటల్లో ఏది పడాలో చూసి పూచీ పడే మనిషి కావాలి. రహస్య పేపర్లను దొరికిన టూల్‌లో వేయనూ కూడదు.

అపోహ: ఫైనాన్స్ చదివినవాళ్లకే.

మా టీమ్‌లో బీకాం వాళ్లున్నారు, ఇంగ్లిష్ లిటరేచర్ వాళ్లూ ఉన్నారు. అంకె కనిపిస్తే కూడి చూసే అలవాటు, నోటిలో మాట దాచుకోగలగడం, ఈ రెండూ ఉంటే మిగతాది నేర్పిస్తాం.

ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు పత్రాలు చాలావరకు వాళ్ల వెబ్‌సైట్లో ఎవరైనా చదువుకోవచ్చు. ఒకటి దించుకుని, మొదటి పేజీలో ఉన్న రుణం మొత్తం లోపలి పట్టికలన్నిటిలో ఒకేలా ఉందో లేదో పెన్సిల్ పట్టుకుని చూడమని మా చెల్లికి చెప్పాను. ఆదివారం మూడు గంటలు కూర్చుంది. ఇంకో పత్రం పంపమని సాయంత్రం మెసేజ్ పెట్టింది.