పీట మీద కూర్చుని చూసుకోవలసిన జాకెట్టు: పెళ్లి కొలతలపై అపోహలు - వాస్తవాలు

అనంతపురం పాతూరులో ఆడవారి బట్టలు కుట్టడం మొదలుపెట్టి నాకు 22 ఏళ్లయింది. ధర్మవరం దగ్గరే కావడం వల్ల మా అంగడికి వచ్చే పెళ్లి బట్టల్లో ఎక్కువ భాగం అక్కడి మగ్గాల మీద నేసిన పట్టే. చీర ఎంచుకోవడానికి ఇంటిల్లిపాదీ రెండు రోజులు తిరుగుతారు కానీ, దాని మీదికి వేసుకునే జాకెట్టు కొలతకు పెళ్లికూతురు అరగంట కూడా ఉండలేనంటుంది. ఆ అరగంట ఎందుకు అవసరమో చెప్పబోతే నాకు ఎదురయ్యే మాటలు ఏటా అవే. వాటికి జవాబులు ఒకచోట రాసిపెడదామని ఈ ప్రయత్నం.

అపోహ: ఆది జాకెట్టు పంపితే చాలు, మనిషి రానక్కరలేదు.

బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే అమ్మాయిలు పాత జాకెట్టు ఒకటి అమ్మ చేతికిచ్చి పంపుతారు. అది ఆమెకు చక్కగా సరిపోతున్న మాట నిజమే. అయితే అది ఎన్నోసార్లు ఉతికిన నూలు బట్ట. వాడగా వాడగా ఛాతీ దగ్గర, చంక దగ్గర సాగి ఒంటి తీరుకు వచ్చి ఉంటుంది. లోపల లైనింగు, అంచున జరీ, పైన మగ్గం వర్కు ఉన్న పట్టు జాకెట్టు అలా సాగదు కాబట్టి, అవే అంకెలతో కుడితే బిగుసుకుపోతుంది. ఆది జాకెట్టును బట్టి పొడవు, మెడ లోతు, చేతి పొడవు నిర్ణయించవచ్చు. ఛాతీ చుట్టు, చంక చుట్టు, చేతి చుట్టు మాత్రం ఒంటి మీద టేపు పెట్టి తీసుకోవలసిందే. కొలతకు వచ్చే రోజున పెళ్లినాడు వేసుకోబోయే లోదుస్తునే వేసుకుని రావాలి, ఎందుకంటే అది మారితే ఛాతీ కొలతతో పాటు డాటు, అంటే ఛాతీ ఆకారానికి బట్టను మడిచి వేసే కుట్టు, పడవలసిన చోటు కూడా మారిపోతుంది.

అపోహ: పెళ్లి నాటికి సన్నబడతాను కనుక ఇప్పుడే బిగువుగా కుట్టాలి.

అందరికీ కాకపోయినా కొందరికి ఇది నిజమే అవుతుంది. మరికొందరు పెళ్లి పిలుపుల భోజనాలతో ఒళ్లు చేస్తారు. ఇంకొందరికి నెలసరికి ముందు రోజుల్లో ఒళ్లు కాస్త ఉబ్బి, వారం కిందట సరిపోయిన జాకెట్టే హుక్కుల దగ్గర పట్టేస్తుంది. ఇలాంటి తేడాల కోసమే పక్క కుట్టుల్లో ఒక్కో వైపున అంగుళం నుంచి అంగుళంన్నర బట్ట లోపలికి విడిచిపెడతాం. బిగువు చేయాలంటే పది నిమిషాల పని. వదులు చేయాలంటే మాత్రం రెండు చిక్కులున్నాయి: లోపల విడిచిన బట్టకు మించి రాదు, పట్టు మీద పాత కుట్టు విప్పితే సూది దిగిన చుక్కలు వరుసగా కనబడతాయి. అందువల్ల మొదటి ట్రయల్‌కు పొడుగాటి కచ్చా కుట్టుతో కాస్త వదులుగా కుట్టి ఇస్తాను. అది చూసి, “ఇదేంటక్కా, సంచి మాదిరి ఉంది” అన్న అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఆ రోజుకు అది సంచిలాగానే ఉండాలి.

అపోహ: ట్రయల్ అంటే అద్దం ముందు నిలబడి చూసుకోవడం.

నేను ఎక్కువగా చెప్పవలసింది ఇక్కడే. టేపు కొలిచేది చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడిన మనిషిని. పెళ్లికూతురు ఆ భంగిమలో ఉండేది ఫోటోలకు మాత్రమే. మిగతా సమయమంతా ఆమె పీట మీద కూర్చుంటుంది, వంగుతుంది, చేతులెత్తుతుంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చేయి ఎదుటివారి తల మీదికి పోవాలి. తలంబ్రాల సమయంలో రెండు చేతులూ తల కంటే ఎత్తుకు లేస్తాయి, అదీ ఒకసారి కాదు, పళ్లెం ఖాళీ అయ్యేదాకా.

అందుకే మా అంగట్లో ఒక చెక్క పీట ఉంచాను. ట్రయల్‌కు వచ్చిన అమ్మాయిని దాని మీద బాసిపట్టు వేసి కూర్చోమంటాను. నిలబడినప్పుడు ఇంపుగా కనిపించిన జాకెట్టు కింది పట్టీ కూర్చోగానే పొట్ట మీద ముడతలు పడుతుందా, పక్కటెముకల కింద నొక్కుతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. తర్వాత గిన్నెలో బియ్యం చేతికిచ్చి, అమ్మనో చెల్లెలినో ఎదురుగా నిలబెట్టి తలంబ్రాలు పోయమంటాను. నవ్వుతూ మొదలుపెడతారు. మొన్న మాఘంలో ఒక అమ్మాయి రెండో దోసిలికే ఆగిపోయి, “చెయ్యి పైకి పోతాండ్లేదక్కా” అంది. అద్దం ముందు అదే జాకెట్టుకు ఏ వంకా కనబడలేదు.

ఇలాంటప్పుడు అందరూ చెప్పే మందు చంక లోతు పెంచమని. అది తప్పు. చంక ఎంత లోతుగా దిగితే చేయి ఎత్తినప్పుడు జాకెట్టు మొత్తాన్ని అంతగా తనతో పాటు పైకి లాగుతుంది. కింది పట్టీ లేచిపోతుంది, చేయి సగంలోనే ఆగిపోతుంది. చంకను ఒంటికి దగ్గరగా, ఒరుసుకోనంత ఎత్తులో ఉంచి, చేతి పై భాగపు వెడల్పును సరిచూస్తే చేయి హాయిగా లేస్తుంది. ఆ అమ్మాయి జాకెట్టుకు నేను చేసిన మార్పు ఇదే: చంకను పావు అంగుళం పైకి జరిపి, చేతికి అర అంగుళం వదులిచ్చాను. కచ్చా కుట్టులో ఉంది కనుక చేయగలిగాను.

నగలు కూడా ట్రయల్‌కు రావాలి. వంకీ పెట్టుకునేవారికి జాకెట్టు చేయి దాని కిందికి ఎంత దాకా రావాలో, వంకీ నొక్కు పడే చోట వర్కు రాళ్లు ఉండవచ్చో లేదో వంకీ పెట్టి చూడకుండా తేల్చలేము. వడ్డాణం కట్టి కూర్చుంటే జాకెట్టు పొడవు పావు అంగుళం తగ్గించాలనిపించవచ్చు. వెనుక మెడకు వేలాడే డోరీలు, వాటి చివరి గుత్తులు మంగళసూత్రం ముడులు వేసే వేళ అడ్డం పడతాయి. వాటిని కాస్త కిందికి కుట్టించుకోవడం మేలు. ఇంకొక మాట కూడా చెప్పాలి. వీపు మీద నెమళ్లూ పల్లకీలూ వర్కు చేయించుకుని, ముహూర్తానికి పూలజడ వేసుకుంటే ఆ నెమళ్లను చూసేవారెవరూ ఉండరు. ఆ డబ్బు చేతుల మీద పెట్టమని నా సలహా, వినేవారు తక్కువ.

అపోహ: మగ్గం వర్కు ముందు చేయించుకుని, కొలతలు తర్వాత ఇవ్వవచ్చు.

వర్కు చేసేవారు బట్టను చట్రానికి బిగించి, దాని మీద మేము గీసిన మెడ, చేతులు, భుజాల గీతల లోపలే పని చేస్తారు. అంటే వర్కు మొదలైన రోజే మెడ లోతు ఖాయమైపోయినట్టు. పని నిండుగా ఉన్న చోట బట్ట కొద్దిగా లోపలికి లాగుకుంటుంది. కొత్తలో నాకిది తెలియక, సరిగ్గా కొలత మీదనే గీసి ఇచ్చాను. చట్రం మీద నుంచి దిగిన చేతి ముక్క అర అంగుళం తక్కువ పడింది. చంక కింద విడి ముక్క వేసి సర్దాను కానీ, ఆ పెళ్లి ఫోటోల్లో నాకు ఆ ముక్కే కనిపించేది. ఇప్పుడు చేతి చుట్టుకు అదనంగా గీస్తాను, కుట్టు పడే చోట పూసలు, రాళ్లు రాకుండా ఖాళీ వదలమంటాను. రాయి మీద పడితే మిషను సూది విరుగుతుంది.

అపోహ: పట్టు తడపకూడదు కాబట్టి లైనింగూ తడపనక్కరలేదు.

పట్టును తడపము. నూలు లైనింగును మాత్రం రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి కోయాలి. తడపని లైనింగు తర్వాత తడి తగిలినప్పుడు కుంచించుకుపోయి, పై పట్టును ముడతలు ముడతలుగా లాగేస్తుంది. వైశాఖంలో మన జిల్లా ఎండకు, హోమం వేడికి పట్టిన చెమటే అందుకు చాలు. చంక లోపల చెమట పీల్చే ప్యాడ్లు కుట్టించుకుంటే పట్టు మీద మరక పడదు.

అపోహ: చీరతో వచ్చే జాకెట్టు ముక్క ఎవరికైనా సరిపోతుంది.

ఆ ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు ఉంటుంది. మోచేతి దాకా చేతులు, పెద్ద అంచు రెండు చేతులకూ సమంగా రావడం, ఒళ్లు కాస్త బొద్దుగా ఉండటం, ఈ మూడూ కలిస్తే చాలకపోవచ్చు. చీర నుంచి ముక్కను కోయించకుండా అలాగే తీసుకురండి, కొలిచాక కోద్దాం.

అపోహ: ఒళ్లు మారుతుంది కనుక ట్రయల్ పెళ్లికి రెండు రోజుల ముందే పెట్టుకోవాలి.

ముహూర్తాలు దగ్గర పడ్డాక ఏ దర్జీ చేతిలోనూ ఖాళీ ఉండదు. మొదటి ట్రయల్ మూడు వారాల ముందు, చివరిది నాలుగైదు రోజుల ముందు పెట్టుకోండి. రిసెప్షన్‌కు లెహంగా ఉంటే ఆనాటి ఎత్తు మడమల చెప్పులు వేసుకునే దాని కింది అంచు కొలవాలి. ముహూర్తపు చీరకు కుచ్చిళ్లు ముందుగానే మడత పెట్టించుకునేవారు మాత్రం ఒట్టి కాళ్లతో నిలబడి కొలత ఇవ్వాలి, ఎందుకంటే పీటల మీద చెప్పులుండవు.

జాకెట్టు తీసుకువెళ్లే రోజున కవరులో మిగిలిన పట్టు పీలికలు, నాలుగు హుక్కులు, అదే రంగు దారం చుట్టిన సూది కూడా పెట్టి ఇస్తాను. అవి పెళ్లికూతురికి కాదు, ఆ రోజంతా ఆమె పక్కనే ఉండే పిన్నికో వదినకో ఇవ్వాలి.