‘చివరి కోరిక’ కాదు: జబ్బుపడ్డ పిల్లల కోరికలు తీర్చడంపై అపోహలు, వాస్తవాలు

పోయిన మంగళవారం మళ్లీ అదే జరిగింది. ఎనిమిదేళ్ల బాబు. కీమో రెండో విడత నడుస్తోంది. కౌంట్లు, అంటే రక్తకణాల లెక్కలు, నిలకడగా ఉన్నాయి, డాక్టరుగారికి నమ్మకం కుదిరింది. పిల్లల కోరికలు తీర్చే సంస్థకు పంపాల్సిన ఫారం తీసుకెళ్లి వాళ్ల అమ్మ చేతికిచ్చాను. ఆమె చదవలేదు. నాలుగు మడతలు పెట్టి దిండు కింద తోసేసింది. నన్ను వరండాలోకి తీసుకెళ్లి గోడకు ఆనుకుని, “నిజం చెప్పండి మేడమ్, ఇంకా ఎన్ని రోజులు?” అని అడిగింది.

పక్క మంచం వాళ్ల బంధువు ఎవరో అప్పటికే చెప్పేశారట: “చివరి కోరిక అడుగుతున్నారంటే ఇంకా అర్థం కాలేదా?” అని.

పిల్లల క్యాన్సర్ వార్డుల్లో మెడికల్ సోషల్ వర్కర్‌గా పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న నన్ను ఎంతమంది తల్లులు అడిగారో లెక్క ఎప్పుడో తప్పింది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కోరిక అడిగారంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టే

కాదు. వెయ్యిసార్లైనా చెబుతాను, కాదు. ‘చివరి కోరిక’ అనేది ఉరికంబం దగ్గరి మాట. దాన్ని తెచ్చి పసిపిల్లల మంచం పక్కన పెట్టింది మనమే. టీవీలో ‘మృత్యువుతో పోరాడుతున్న చిన్నారి చివరి కోరిక’ అని అక్షరాలు పరుగెడుతుంటాయి. ఆ చిన్నారికి చదవడం వచ్చన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 1980లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో లుకేమియాతో (రక్త క్యాన్సర్‌తో) బాధపడుతున్న ఏడేళ్ల బాబుకు పోలీసు కావాలని ఆశ. అక్కడి హైవే పోలీసులు ఏప్రిల్ 29న అతన్ని హెలికాప్టర్ ఎక్కించారు, కొలతలకు సరిపోయే యూనిఫాం కుట్టించి ఇచ్చారు. మే 3న ఆ బాబు చనిపోయాడు. అతని కోసం కదిలినవాళ్లే తర్వాత మేక్ ఎ విష్ ఫౌండేషన్ ప్రారంభించారు. మన దేశంలో అది 1996 నుంచి పనిచేస్తోంది. ఆ మొదటి బాబు విషయంలో అది నిజంగా చివరి కోరికే. కానీ ఇప్పుడు మేము ఫారాలు పంపేది మూడేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వయసుండి, ప్రాణాపాయం ఉన్న జబ్బుతో చికిత్స పొందుతున్న పిల్లల కోసం. ప్రాణాపాయం ఉన్న జబ్బు వేరు, ప్రాణం పోతున్న జబ్బు వేరు. తలసీమియా అనే రక్తహీనత జబ్బున్న పిల్లలూ ఇందులోకి వస్తారు. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ బడికి వెళ్లి పరీక్షలు రాసే పిల్లలు వాళ్లు.

2013 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమంతా వీధుల్లోకి వచ్చి ఒక ఐదేళ్ల బాబును బ్యాట్‌మ్యాన్‌గా ఊరేగించింది గుర్తుందా? అప్పటికే అతని లుకేమియా చికిత్స ముగిసింది. ఐదేళ్లు గడిచాక కూడా క్యాన్సర్ తిరిగి రాలేదని వార్త వచ్చింది. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేద దేశాలు, మధ్యాదాయ దేశాలు కొన్నింటిలో అది 30 శాతం లోపే. ఈ తేడాకు ఒక పెద్ద కారణం చికిత్స మధ్యలో మానేయడం. ‘ఇక లాభం లేదు’ అన్న మాట ఎవరో చెవిలో వేస్తే చాలు, మరుసటి తేదీకి ఆ మంచం ఖాళీ. అందుకే ఈ పుకారంటే నాకు అంత కోపం.

దీని ఖరీదు ఎంతో ఒక్క సంగతి చెబుతాను. నల్లగొండ వైపు నుంచి వచ్చిన పన్నెండేళ్ల అబ్బాయి, ఎముక క్యాన్సర్. సముద్రం చూడాలని ఉండేది. శ్రావణంలో నేను ఫారం ఇచ్చినప్పుడు చంకకర్రతో వార్డంతా తిరిగేవాడు. వాళ్ల నాన్న ఒప్పుకోలేదు. “ఇప్పుడు సముద్రం చూపిస్తే వాడికి అనుమానం వస్తుంది మేడమ్, జబ్బు తగ్గాక నేనే తీసుకెళతాను” అన్నాడు. ఆ తండ్రిని నేను ఒక్క మాట అనలేదు, ఇప్పుడూ అనను. కార్తీకం వచ్చేసరికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. ఆక్సిజన్ లేకుండా గంట గడవదు. అప్పుడు ఆయనే వచ్చి ఫారం అడిగాడు.

విశాఖపట్నంలో మాకు తెలిసిన వాలంటీర్ ఒకతను తెల్లవారుజామున ఆర్‌కే బీచ్‌కు వెళ్లి వీడియో కాల్ చేశాడు. అబ్బాయి కాసేపు అలలు చూశాడు. తర్వాత మాస్కు కొంచెం పక్కకు జరిపి, “అన్నా, నీళ్లలోకి దిగు. నీ కాళ్లు చూపించు” అన్నాడు. అతను ప్యాంటు మడిచి దిగి ఫోను కిందికి తిప్పాడు. “కాళ్ల కింద ఇసుక జారుతోందా?” “జారుతోంది నాన్నా.” “చక్కిలిగింత పెడుతోందా?” ఆ వాలంటీర్‌కు నోట మాట రాలేదు. మూడు నెలల ముందైతే ఆ ఇసుక ఈ అబ్బాయి కాళ్ల కిందే జారేది.

అపోహ: ఈ డబ్బు వైద్యానికి పెడితే ప్రాణాలు నిలుస్తాయి, కోరికలకు పెట్టడం దుబారా

ఇది అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. శాన్‌ఫ్రాన్సిస్కో ఊరేగింపు జరిగిన కొద్ది వారాలకే తత్వవేత్త పీటర్ సింగర్ ఈ ప్రశ్నే వేశారు. అమెరికాలో ఒక్కో కోరికకు సగటున 7,500 డాలర్లు ఖర్చవుతుంటే, ఆ డబ్బుతో దోమతెరలు కొని మలేరియా నుంచి పిల్లల ప్రాణాలే కాపాడవచ్చు కదా అన్నారు. ఆయన లెక్కలో తప్పు లేదు. మీ చేతిలో ఉన్నది వెయ్యి రూపాయలే అయితే, ముందుగా మీ దగ్గరి పిల్లల క్యాన్సర్ వార్డులో ఏ ఇంటివాళ్లు గది అద్దె కట్టలేక ఊరికి వెళ్లిపోబోతున్నారో అడగండి. ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు చూస్తుంది. నెలల తరబడి పోయిన కూలి ఎవరు చూస్తారు? డబ్బు లేకపోతే ప్లేట్‌లెట్లు ఇవ్వండి. ఇది నేను మొహమాటం లేకుండా చెప్పే మాట.

అంతమాత్రాన కోరికకు పెట్టింది దుబారా కాదు. లుకేమియా చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. అన్నేళ్లు సూదులకు చెయ్యి చాపుతూ ఉండాలంటే పిల్లలకు మందు ఒక్కటే సరిపోదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక పిల్లల ఆసుపత్రివారు కోరిక తీరిన 496 మందిని, అదే వయసు, అదే తరహా జబ్బు ఉండి కోరిక తీరని మరో 496 మందితో పోల్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. కోరిక తీరినవాళ్లలో అనుకోకుండా ఆసుపత్రిలో చేరాల్సి రావడం, అత్యవసర విభాగానికి పరుగెత్తడం తగ్గాయి. పాత రికార్డుల మీద చేసిన పరిశీలన కాబట్టి కోరికే కారణమని నేను గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పలేను. కానీ వార్డులో నేను రోజూ చూస్తున్నదానికి అది దగ్గరగా ఉంది.

పైగా కోరిక అంటే విమానమే అనుకుంటారెందుకు? పదకొండేళ్ల పాప ఒకతె పూలజడ అడిగింది. వేసవిలో వాళ్ల ఊళ్లో ఈడు పిల్లలందరూ పూలజడలు వేసుకుని, జడ కనిపించేలా వెనక అద్దం పెట్టుకుని ఫోటోలు దిగారట. తనకు మాత్రం కీమోకు జుట్టంతా రాలిపోయింది. కౌంట్లు తక్కువగా ఉన్నాయి కాబట్టి ఇన్ఫెక్షన్ భయంతో నిజం పూలు వార్డులోకి రానివ్వరు. అందుకని విగ్గు తెచ్చి, గుడ్డతో మల్లెమొగ్గలు కుట్టించి, నర్సులే జడ అల్లారు. జడకుప్పెలు హెడ్ నర్సుగారివి. నిలువుటద్దం దొరక్క స్టాఫ్ గదిలోని బీరువానే వెనక నిలబెట్టాం, దాని తలుపుకు అద్దం ఉందని. ఆ పాప మెడ తిప్పి తిప్పి జడ చూసుకుంటుంటే, మూడు వారాలుగా గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల ఈ పిల్లేనా అనిపించింది. మొత్తం ఖర్చు రెండువేలు దాటలేదు. ఇప్పుడు మెయింటెనెన్స్‌లో, అంటే జబ్బు మళ్లీ రాకుండా ఇచ్చే చికిత్సలో ఉంది, సొంత జుట్టు భుజాల దాకా వచ్చింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను

పాలియేటివ్ కేర్ అంటే నొప్పిని, బాధను తగ్గించే వైద్యం, మరణశయ్య కాదు. జబ్బు బయటపడిన రోజు నుంచే, చికిత్సతోపాటే అది సాగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలోనే ఉంది. నొప్పి తగ్గించే మార్ఫిన్ ఆఖరి మందు కాదు. తీవ్రమైన నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో ఇస్తే పిల్లలు దానికి బానిసలవడం చాలా అరుదు.

మీ బిడ్డ కోరిక తీర్చడానికి మీ దగ్గరే ఎవరైనా డబ్బు అడిగితే అది మోసం. వెంటనే మాకు చెప్పండి.

‘ఈ చిన్నారి కోసం పదిమందికి పంపండి’ అనే మెసేజ్‌లు దయచేసి పంపకండి. 1989లో బ్రెయిన్ ట్యూమర్ ఉన్న ఒక ఇంగ్లండ్ బాబు గ్రీటింగ్ కార్డులు పంపమని కోరాడు. 1991లో అమెరికాలో ఆపరేషన్ జరిగి కోలుకున్నాడు, పెద్దవాడయ్యాడు. చాలించమని ఇంటివాళ్లు వేడుకున్నా కార్డులు మాత్రం కోట్ల కొద్దీ, ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి.

దాతలకు ఒక మనవి. పిల్లల చేతికి మీ పేరున్న బ్యానర్ ఇచ్చి ఫోటో తీయకండి. తల్లిదండ్రులకు ఒకటి: కోరిక ఏమిటో పిల్లల్నే చెప్పనివ్వండి. “ల్యాప్‌టాప్ అడుగు, అన్నయ్యకు పనికొస్తుంది” అని పెద్దవాళ్లు నేర్పితే మాకు తెలిసిపోతుంది. ఆ అవసరం నిజమే కావచ్చు, దానికి వేరే దారి చూద్దాం.

మంగళవారం నాటి ఆ తల్లిని డాక్టరుగారి దగ్గర కూర్చోబెట్టాను. ఆయన రిపోర్టులు తీసి, ఏ అంకె ఎంత ఉందో, ఎందుకు బాగుందో అరగంట చెప్పారు. ఆమె తల ఊపింది గానీ ఫారం ఇంకా దిండు కిందే ఉంది. శనివారం బాబు తాతగారు వస్తారట, ఆయన ఊ అంటేనే సంతకం. ఆయన్నీ డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లాలి. బాబు మాత్రం జేసీబీ ఎక్కాలని, దాని తొట్టితో మట్టి ఎత్తాలని నాకు ఇప్పటికే రెండుసార్లు చెప్పాడు.