బురదనీళ్లు ఎక్కడ ఊరుతున్నాయో చూడటమే మా ఉద్యోగం

చిన్నీ, పండూ, ఆ రోజు మీతోపాటు అరుగు మీద కూర్చున్న పిల్లలందరికీ,

వేసవి సెలవుల్లో పండు నన్నొక మాట అడిగాడు, "తాతయ్యా, నువ్వు యూనివర్సిటీలో కంప్యూటర్ సెక్యూరిటీ ల్యాబులో పనిచేశావట కదా, అంటే దొంగతనం నేర్పేవాడివా?" అని. ఇంతలో అమ్మమ్మ ముంజలు తెచ్చింది, మీరందరూ అటు పరిగెత్తారు, నా జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఇక్కడ వారం నుంచీ ముసురు పట్టింది. ధవళేశ్వరం దగ్గర గోదారి నీళ్లు 11.75 అడుగులు దాటాయని మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఇంట్లో కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మన ఇంటి వెనకున్న ఏటిగట్టు గురించి చెప్పాలి. నా చిన్నప్పుడు వరదొస్తే మా నాన్న, ఊళ్లో ఇంకో పదిమంది, రాత్రంతా లాంతర్లు పట్టుకుని గట్టు వెంబడి నడిచేవారు. గోదారి వైపు కాదురా, ఊరి వైపు దిగువన చూసుకుంటూ నడిచేవారు. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. గట్టు అడుగున గడ్డిలో నీళ్లు ఊరుతున్నాయి, నాకు భయమేసింది. నాన్న వంగి, లాంతరు దగ్గరగా పెట్టి, ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకుని చూసి, "తేటగా ఉన్నాయి, ఫరవాలేదు" అన్నారు. ఇంకో ఫర్లాంగు పోయాక మళ్లీ ఊట. ఈసారి ఎర్రగా, బురదగా ఉంది. అంతే, కేకలు, ఇసుక బస్తాలు, పరుగులు. నీళ్లు బురదగా వస్తున్నాయంటే లోపల మట్టి కొట్టుకుపోతోందన్నమాట, ఏ ఎలుకో ఎండ్రకాయో చేసిన బొరియ లోపల్లోపల పెద్దదవుతోందన్నమాట. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గట్లకు గండ్లు పడి ఊళ్లకు ఊళ్లే మునిగాయి, మీ అమ్మకి తెలుసు అడగండి.

మా ల్యాబులో చేసింది కూడా ఇదే పని.

అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో బార్టన్ మిల్లర్ అనే ప్రొఫెసరు ఉన్నారు. 1988లో ఒక రాత్రి ఆయన ఇంటి నుంచి టెలిఫోను లైను మీద యూనివర్సిటీ కంప్యూటరుతో పనిచేసుకుంటున్నారు. బయట ఉరుములు, మెరుపులు, వాన. ఆ వానకి లైనులో గరగర పుట్టి, ఆయన టైపు చేసిన అక్షరాల మధ్యలో ఏవేవో చెత్త అక్షరాలు దూరిపోయాయి. ఇంకొకరైతే విసుక్కుని పడుకునేవారు. ఆయనకి మాత్రం ఒక సందేహం వచ్చింది, నాలుగు చెత్త అక్షరాలు దూరితే రోజూ అందరూ వాడే ప్రోగ్రాములు ఎందుకు కుప్పకూలాలి? దాన్నే క్లాసులో విద్యార్థులకి ప్రాజెక్టుగా ఇచ్చారు. కావాలనే పిచ్చి పిచ్చి అక్షరాలు ప్రోగ్రాముల మీదకి గుప్పించి చూస్తే, వాళ్లు పరీక్షించిన వాటిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పడిపోయాయి! 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఈ పద్ధతికి ఫజ్జింగ్ అని పేరు పెట్టారు, ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నారు, మా ల్యాబులోనూ సగం మిషన్లు రాత్రింబవళ్లు ఇదే పనిలో ఉండేవి.

ప్రోగ్రాము పడిపోతే ఏమైందట అంటారేమో. ఒక మడిలో పట్టేదానికన్నా ఎక్కువ నీళ్లు పెడితే గట్టు పొర్లి పక్క మడిలోకి పోతాయి కదా, అలాగే పేరు రాయడానికి 20 అక్షరాల చోటు పెట్టి, ఎవరైనా 200 అక్షరాలు ఇస్తే ఆపమని చెప్పడం మరిచిపోతే, ఆ మిగతా అక్షరాలు పక్కనున్న మెమరీలోకి పొర్లి అక్కడున్న వాటిని చెరిపేస్తాయి. ఊరికే పొర్లితే ప్రోగ్రాము ఆగిపోతుంది. తెలివైన దొంగ చేతిలో పడితే, తనకి కావలసిన ఆదేశాలనే లెక్కగా అక్కడికి పొర్లిస్తాడు, కంప్యూటరు వాడి మాట వింటుంది. అందుకే ప్రోగ్రాము పడిపోవడం అంటే మాకు బురదనీళ్లు కనబడినట్టే. అక్కడ ఆగి, లాంతరు పెట్టి, వారాల తరబడి చూసేవాళ్లం. నిజం చెప్పాలంటే ఆ పనిలో ఎక్కువ భాగం సినిమాల్లో చూపించినట్టు ఉండదు, ప్రోగ్రాముని ఓపిగ్గా చదవడమే.

ఇంకొకటి చెప్తాను, ఇది మీకు తప్పకుండా తెలియాలి. ఇంగ్లండులో కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్లు 2010లో చిప్ ఉన్న బ్యాంకు కార్డుల్లో ఒక లోపం బయటపెట్టారు. షాపులో మిషను కార్డుని "ఈ పిన్ సరైనదేనా?" అని అడుగుతుంది, కార్డు "సరే" అంటుంది. ఆ "సరే" కార్డే అన్నదా, మధ్యలో ఎవరైనా అన్నారా అని అప్పట్లో మిషను సరిచూసుకునేది కాదు. వాళ్లు కార్డుకీ మిషనుకీ మధ్య ఒక పరికరం పెట్టి, పిన్ ఏం నొక్కినా "సరే" అనిపించారు. కార్డుకి మాత్రం అసలు ఎవరూ పిన్ అడగనట్టే ఉంటుంది. రసీదు మీద పిన్ సరిచూశామనే వస్తుంది! కార్డు పోగొట్టుకున్నవాళ్లు డబ్బు పోయిందని మొత్తుకుంటే "పిన్ వాడారు కాబట్టి తప్పు మీదే" అని బ్యాంకులు తిప్పి పంపిస్తున్న రోజులవి. ఆ పోగొట్టుకున్నవాళ్ల మాట నిజం కావచ్చని దీంతో రుజువైంది. ఆ పరీక్షలు కేంబ్రిడ్జి వాళ్లు సొంత కార్డుల మీదే చేశారు, అచ్చు వేయడానికి నెలల ముందే బ్యాంకులకి చెప్పారు. అయినా ఆ ఏడాది చివర, దీని గురించి ఒక విద్యార్థి రాసిన థీసిస్‌ని తీసేయమని కార్డుల కంపెనీల సంఘం యూనివర్సిటీకి ఉత్తరం రాసింది. అక్కడి ప్రొఫెసరు రాస్ ఆండర్సన్ కుదరదన్నారు. ఆయన 2024లో పోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మాకూ అలాంటిది జరిగింది. మా కుర్రాడొకడు ఒక బిల్లుల సైటులో తన బిల్లు చూసుకుంటూ, ఆ పేజీ వెబ్ అడ్రసులో చివరి అంకె పొరపాటున మార్చి నొక్కితే వేరేవాళ్ల బిల్లు, ఫోను నంబరుతో సహా కనబడింది. అక్కడే ఆపేసి పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ఆ కంపెనీకి మూడుసార్లు రాశాం. మూడోసారికి జవాబొచ్చింది, కేసు పెడతామని. పిల్లాడు టెన్షన్‌తో రెండు రోజులు హాస్టల్లోంచి బయటికి రాలేదు. నాలుగు నెలల తర్వాత ఎవరికీ చెప్పకుండా వాళ్లే సరిచేసుకున్నారు. గట్టు కింద ఊట ఉందని కేకేసినవాణ్ణే పట్టుకుని కొట్టినట్టుంది కదా? నాకిప్పటికీ కోపమే.

పండూ, నీ ప్రశ్నకి జవాబు ఇదిరా. దొంగా బొరియ వెతుకుతాడు, మేమూ వెతుకుతాం. మేము మా సొంత మిషన్ల మీదో, అనుమతి ఇచ్చినవాళ్ల వాటి మీదో వెతుకుతాం, దొరికితే ముందు సొంతదారుకి చెప్తాం, పూడ్చుకోవడానికి గడువిస్తాం, చాలామంది 90 రోజులు ఇస్తారు, ఆ తర్వాత అందరికీ తెలిసేలా రాస్తాం. మీ స్కూలు వైఫై పాస్‌వర్డు కనిపెడతానని చిన్నితో అన్నావట. వద్దు నాన్నా. అడగకుండా ఇతరుల కంప్యూటర్లలోకి దూరితే మన ఐటీ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు, అదలా ఉంచితే అది మన గట్టు కాదు.

చేతులు దురదగా ఉంటే దసరాకి రండి. అటక మీద మన పాత రౌటరు ఉంది, దాని చార్జరు కూడా వెతికి పెట్టాను, నా పాత లాప్‌టాప్ ఇస్తాను. దాని మీద మీ ఇష్టం, పాడైపోయినా నేనేమీ అనను. ఏం చేశారో, ఏం జరిగిందో మాత్రం ఒక నోటుబుక్కులో తారీఖు వేసి రాయాలి, మా ల్యాబులో మొదటి రోజు అందరికీ చెప్పేది అదే.

వాన కొంచెం తెరిపిచ్చింది. టార్చి తీసుకుని ఒకసారి గట్టు దాకా వెళ్లొస్తాను.

మీ తాతయ్య