జాతీయ యుద్ధ స్మారకానికి డిజైనర్ ఎంపిక: అపోహలు - వాస్తవాలు

నేను ఆర్కిటెక్టుని. మొదట్లో స్మారకాల డిజైన్ పోటీలకు ఎంట్రీలు పంపేవాడిని. తర్వాత పోటీలు నిర్వహించేవాళ్లకు సలహాదారుగా పనిచేయడం మొదలుపెట్టాను. అంటే బ్రీఫ్ (స్మారకం నుంచి ఏం కావాలో డిజైనర్లకు చెప్పే షరతుల పత్రం) రాయడం, వచ్చిన ఎంట్రీలు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో చూడడం, జ్యూరీ గదిలో ఓ పక్కన కూర్చుని అడిగినప్పుడు లెక్కలు చెప్పడం. దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్లకు స్మారకం కట్టాలనుకున్న ప్రతిసారీ డిజైనర్ ఎంపిక గురించి అవే మాటలు వినిపిస్తుంటాయి. అందులో కొన్ని నిజంగా నష్టం చేసేవి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పెద్ద పేరున్న ఆర్కిటెక్టుకు అప్పగిస్తే సరిపోతుంది

1981లో వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకానికి 1,421 ఎంట్రీలు వచ్చాయి. ఎవరివో తెలియకుండా నంబర్లు మాత్రమే వేసి, వాటన్నిటినీ ఒక విమానాల హ్యాంగర్‌లో వరుసగా ప్రదర్శించారు. ఎనిమిది మంది సభ్యుల జ్యూరీ ఏకగ్రీవంగా ఎంచుకున్నది 1026వ నంబరు. పేరు చూస్తే మాయా లిన్. వయసు 21, యేల్ యూనివర్సిటీలో ఇంకా చదువుకుంటున్న అమ్మాయి. బంగ్లాదేశ్‌లో సావర్ దగ్గరున్న జాతీయ అమరవీరుల స్మారకం కోసం 1978లో 57 డిజైన్లు వస్తే, ఎంపికైన సయ్యద్ మైనుల్ హుస్సేన్‌కు అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధ స్మారకానికి 2016లో ఎంపికైన జో వైషార్ వయసు 25.

అలాగని అనుభవంతో పనిలేదని కాదు. రాయి, పునాది, డ్రైనేజీ, కాంట్రాక్టర్ బిల్లులు, ఇవన్నీ అనుభవం ఉన్న చేతులే చూసుకోవాలి. మాయా లిన్ డిజైన్‌ని కూపర్-లెకీ అనే ఆర్కిటెక్చర్ సంస్థ దగ్గరుండి కట్టించింది. ఆలోచన ఒకరిది, దాన్ని నిలబెట్టే బాధ్యత ఇంకొకరితో కలిసి పంచుకున్నది. పోటీ నిబంధనల్లోనే దీనికి చోటివ్వాలి: గెలిచినవాళ్లకు అనుభవం తక్కువైతే ఒక సంస్థతో కలిసి పనిచేయాలి అని ఒక్క వాక్యం చాలు. దానికి బదులు ఇంత టర్నోవర్ ఉండాలి, ఇన్ని పెద్ద ప్రాజెక్టులు పూర్తి చేసి ఉండాలి అని అర్హతలు పెడితే 1026వ నంబరు అసలు తలుపు దాటి లోపలికే రాదు. తక్కువ ఫీజు కోట్ చేసినవాళ్లకు ఇచ్చేయడం గురించి నేను వాదించను కూడా. రోడ్డు వేయడానికి ఆ పద్ధతి పనికొస్తుందేమో, దీనికి పనికిరాదు.

అపోహ: ఎంపిక అనేది ఎంట్రీలు వచ్చాక మొదలయ్యే పని

నా దృష్టిలో సగం ఎంపిక బ్రీఫ్‌లోనే జరిగిపోతుంది. డిజైనర్లకు మనం ఇచ్చే ప్రశ్నపత్రం అది. ప్రశ్న గజిబిజిగా ఉంటే ఎంత గొప్ప జ్యూరీ కూర్చున్నా మంచి జవాబు దొరకదు.

వియత్నాం స్మారకం బ్రీఫ్‌లో ముఖ్యమైన షరతులు నాలుగే. చూసేవాళ్లు నెమ్మదించి ఆలోచించేలా ఉండాలి. చుట్టూ ఉన్న పరిసరాల్లో కలిసిపోవాలి. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు అందరి పేర్లూ ఉండాలి. యుద్ధం తప్పా ఒప్పా అనే రాజకీయం ఉండకూడదు. ఆకారం గురించి ఒక్క మాట లేదు. ఇలా ఉండాలి, అలా ఉండాలి అని చెప్పకుండా ఏం జరగాలో చెప్పారు. నేను బ్రీఫ్ రాసేటప్పుడు ఇప్పటికీ ఆ నాలుగు షరతులు పక్కన పెట్టుకుంటాను.

కాన్‌బెరాలో జరిగింది దీనికి పూర్తిగా వేరు. ఆస్ట్రేలియా యుద్ధ స్మారకానికి 1927లో పోటీ పెట్టారు. స్మారకమూ కావాలి, మ్యూజియమూ కావాలి, ఖర్చు రెండున్నర లక్షల పౌండ్లు దాటకూడదు అన్నారు. 69 డిజైన్లు వచ్చాయి, ఒక్కటీ అన్ని షరతులకూ సరిపోలేదు. చివరికి ఎమిల్ సోడర్‌స్టెన్, జాన్ క్రస్ట్ అనే ఇద్దరిని కలిసి కొత్త డిజైన్ చేయమన్నారు. ఆర్థిక మాంద్యం కూడా తోడవడంతో తలుపులు తెరుచుకునేసరికి 1941 నవంబర్ 11 అయింది. ఆ భవనం ఈ రోజు చాలా బాగుంటుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ అడిగినవన్నీ అంత డబ్బులో వస్తాయా అని కట్టడం ఖర్చు లెక్కగట్టే నిపుణుణ్ణి, అంటే ఒక క్వాంటిటీ సర్వేయర్‌ని, ముందే కూర్చోబెట్టి లెక్క వేయించి ఉంటే, 69 మంది కష్టం అలా తిరిగి వెళ్లేది కాదేమో.

బ్రీఫ్‌లో తేల్చాల్సిన ప్రశ్నలు వినడానికి తేలికే. ఒక యుద్ధంలో పోయినవాళ్ల కోసమా, అన్ని యుద్ధాలకా? శాంతి పరిరక్షణకు వేరే దేశం వెళ్లి చనిపోయినవాళ్లు ఇందులోకి వస్తారా? శిక్షణలో చనిపోయినవాళ్లో? వీటికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వమూ, సైన్యమూ. డిజైనర్ మీదకు నెట్టకూడదు. ఆ తర్వాత స్థలం గురించి. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకాన్ని ఇండియా గేట్ పక్కనే కట్టాల్సి వచ్చింది. 42 మీటర్ల ఎత్తున్న ఆ కట్టడాన్ని మరుగుపరచకూడదు, దానితో పోటీ పడకూడదు. అంతర్జాతీయ పోటీకి వచ్చిన 427 ఎంట్రీల్లోంచి 2017లో ఎంపికైన డిజైన్ చెన్నైకి చెందిన వీబీ డిజైన్ ల్యాబ్‌ది. అది పైకి లేవదు, నేలలోకి దిగి ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు చక్రాలుగా పరుచుకుంటుంది: అమర చక్రం, వీరతా చక్రం, త్యాగ చక్రం, రక్షక చక్రం. మధ్యలో ఒక్క స్తంభం, దాని దగ్గర జ్యోతి. స్థలం పెట్టిన హద్దుని డిజైనర్ బలంగా మార్చుకున్నాడు. హద్దు స్పష్టంగా చెబితేనే అది సాధ్యం.

అపోహ: ప్రజల ఓటుతో ఎంచుకుంటే అందరికీ న్యాయం జరుగుతుంది

ఈ మాట వెనకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది. స్మారకం ప్రజలదే. కానీ ఫోన్‌లో మూడు బొమ్మలు చూసి ఒకదాని మీద నొక్కడం వేరు, రెండు మూడు రోజులు ప్లాన్లు పరచుకుని వాదించుకోవడం వేరు.

కెనడాలో అఫ్గానిస్థాన్‌లో పనిచేసినవాళ్ల కోసం జాతీయ స్మారకం తలపెట్టినప్పుడు జ్యూరీ ఒక టీమ్‌ని ఎంచుకుంది. 2023లో ప్రభుత్వం మాత్రం ఆన్‌లైన్ సర్వేలో ఎక్కువ మందికి నచ్చిందని చెప్పి వేరే టీమ్‌ని ప్రకటించింది. సర్వేలో మాజీ సైనికులూ, కుటుంబాలూ పాల్గొన్నారు కాబట్టి ప్రభుత్వం వాదన కొట్టిపారేసేది కాదు. కానీ ఆట సగంలో నియమం మార్చినట్టయింది. డిజైన్ గురించి మాట్లాడాల్సిన చోట పార్లమెంటు కమిటీలో ఎంపిక పద్ధతి మీద గొడవ నడిచింది. సర్వేకి ఎంత విలువ ఇస్తారో మొదటి రోజే కాగితం మీద పెట్టాలి. పెట్టాక దానికి కట్టుబడాలి.

వియత్నాం జ్యూరీలో అందరూ డిజైన్ రంగంలో పేరున్నవాళ్లే, ఆ యుద్ధంలో పోరాడినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. పేర్లు చెక్కిన గోడగా మాయా లిన్ వేసిన డిజైన్ బయటికి రాగానే కొందరు మాజీ సైనికులు మండిపడటానికి అదీ ఒక కారణం. రాజీగా ముగ్గురు సైనికుల కాంస్య విగ్రహం కూడా పెట్టాల్సి వచ్చింది, 1984లో. కాబట్టి జ్యూరీలో సైన్యం తరఫు మనిషి ఉండాలనే నేను అంటాను, డిజైన్ తెలిసినవాళ్ల సంఖ్య మాత్రం ఎక్కువ ఉండాలి.

కుటుంబాల మాట అన్నిటికంటే ముందు వినాలి, బ్రీఫ్ రాయకముందే. ఒకసారి అలాంటి సమావేశంలో వీల్‌చెయిర్‌లో వచ్చిన ఒక పెద్దావిడ, గంటసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, చివర్లో ఒక్కటే అడిగారు. మా వాడి పేరు నా చేతికి అందుతుందా అని. గదిలో ఎవరికీ నోట మాట రాలేదు. ఆ రాత్రి బ్రీఫ్‌లో ఒక షరతు చేర్చాను: పైవరుసలో ఉన్న పేర్లను కూర్చున్న మనిషికి అందేలా చేసే మార్గం ఏదో ప్రతి డిజైనర్ చూపించాలి. ఓటింగ్ పెడితే ఆ ప్రశ్న మాకు ఎప్పటికీ చేరేది కాదు.

అపోహ: పేర్లదేముంది, చివర్లో చెక్కించుకోవచ్చు

అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టే అపోహ ఇదే. పేర్లు అలంకారం కాదు. చాలా స్మారకాల్లో డిజైన్ అంటేనే పేర్లు.

ఫ్రాన్స్‌లో తీప్‌వాల్ దగ్గర బ్రిటిష్ ఆర్కిటెక్టు ఎడ్విన్ లట్యెన్స్ కట్టిన స్మారకం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ యుద్ధక్షేత్రంలో సమాధి కూడా దొరకని 72,000 మందికి పైగా సైనికుల పేర్లు అక్కడ ఉండాలి. అన్ని పేర్లకు గోడ ఎక్కడినుంచి వస్తుంది? ఆయన చిన్న ఆర్చీల మీద పెద్ద ఆర్చీలు పేర్చుకుంటూ వెళ్లి, కింద 16 దిమ్మెలు వచ్చేలా చేశాడు. బయటి అంచున ఉన్నవి తప్ప దిమ్మెల ముఖాలన్నీ పేర్లకే. దూరం నుంచి చూస్తే పెద్ద తోరణం, దగ్గరికి వెళ్తే చుట్టూ పేర్లు తప్ప మరేమీ కనపడవు. ఆ ఆకారం పుట్టింది ఆ అంకెలోంచే.

మాయా లిన్ అయితే పేర్లను అక్షరక్రమంలో పెట్టనంది. అలా పెడితే స్మిత్ అనే ఇంటిపేరే వందలసార్లు వరుసగా వస్తుంది, టెలిఫోన్ డైరెక్టరీలా ఉంటుంది. చనిపోయిన తేదీల క్రమంలో పెట్టింది. వరస రెండు గోడలు కలిసే మూల దగ్గర 1959లో మొదలై కుడి చివరికి వెళ్తుంది, మళ్లీ ఎడమ చివర మొదలై 1975లో అదే మూలకు చేరుతుంది. ఒకే రోజు పక్కపక్కన పోరాడి పోయినవాళ్లు గోడ మీద కూడా పక్కపక్కనే ఉంటారు. ఇది తర్వాత తట్టిన ఆలోచన కాదు, పోటీకి పంపిన ఎంట్రీలోనే రాసి ఉంది.

ఢిల్లీలో త్యాగ చక్రం గోడలకు ఒక్కో సైనికుడికి ఒక్కో గ్రానైట్ పలక. 2019 ఫిబ్రవరిలో ప్రారంభించినప్పుడు 25,942 పేర్లు. ఇలాంటి చోట జాబితా ఇంకా పెరుగుతుంది, ఆ మాట రాయడానికి కూడా మనసు ఒప్పదు, కానీ డిజైనర్ దాన్ని ఎదుర్కోవాల్సిందే. అందుకే మొదటి వడపోత తర్వాత మిగిలినవాళ్లతో జరిగే రెండో దశలో ప్రతి టీమ్‌నీ నేను అడిగించే విషయాలు ఇవి: అక్షరం ఎత్తు ఎంత, తర్వాత చేర్చాల్సిన పేర్లు ఎక్కడికి వస్తాయి, స్పెల్లింగ్ తప్పు పడితే గోడ పగలగొట్టకుండా ఎలా మారుస్తారు, వాన పడి రాయి తడిసినప్పుడు అక్షరం కనిపిస్తుందా. అసలు రాయి మీద, అసలు సైజులో చెక్కిన ఒక నమూనా పలక తెమ్మంటాను. దాని మీద మగ్గుతో నీళ్లు పోసి చూస్తాం. స్క్రీన్ మీద ఎంతో బాగున్న డిజైన్లు ఆ నీళ్లకు మాయమైపోవడం చూశాను.

అపోహ: బొమ్మ ఎంత బాగుంటే డిజైన్ అంత గొప్పది

సాయంసంధ్య ఆకాశం, డ్రోన్ ఎత్తునుంచి చూపు, కింద చీమల్లా జనం. ఇలాంటి త్రీడీ చిత్రం ముందు జ్యూరీ సభ్యులు కూడా ఒక నిమిషం ఆగిపోతారు. మాయా లిన్ పంపినవి మెత్తని పాస్టెల్ రంగులతో గీసిన చాలా సాదా బొమ్మలు, వాటితోపాటు చేత్తో రాసిన వివరణ. జ్యూరీ ఆ రాతను శ్రద్ధగా చదివింది. నేనైతే ఆకాశం నుంచి చూసే చిత్రాలు వద్దని నిబంధనలోనే పెట్టిస్తాను. మనిషి కంటి ఎత్తు నుంచి, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక్కరే వచ్చి నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందో గీయమంటాను.

అపోహ: బహిరంగ పోటీ తప్ప వేరే మంచి దారి లేదు

లండన్‌లో సెనోటాఫ్ అనే యుద్ధ స్మారకానికి పోటీయే జరగలేదు. 1919లో లట్యెన్స్‌ని నేరుగా అడిగారు, జులైలో జరిగే విజయోత్సవ కవాతు కోసం చెక్కతో, ప్లాస్టర్‌తో తాత్కాలికంగా కట్టారు. జనం వచ్చి పూలు పెడుతూనే ఉన్నారు. దాంతో అదే రూపాన్ని రాతిలో కట్టి 1920 నవంబర్ 11న ఆవిష్కరించారు. ఇలా కుదరడం అరుదు. పోటీయే మంచిదని నేను నమ్ముతాను, కానీ సరిగ్గా నడపలేకపోతే పెట్టకపోవడమే మేలు. నేను పాల్గొన్న ఒక పోటీలో స్థలం ఎత్తుపల్లాల గురించి ఒక టీమ్ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ టీమ్‌కే వెళ్లింది. మిగతావాళ్లం తప్పు కొలతల మీద నెలల తరబడి పనిచేశాం. ఎవరు అడిగినా జవాబు అందరికీ ఒకే రోజు వెళ్లాలి. రెండో దశకు పిలిచినవాళ్లకు డబ్బివ్వాలి.

అపోహ: గెలిచిన డిజైన్ గెలిచినట్టే కట్టేస్తారు

వాషింగ్టన్ కొరియా యుద్ధ స్మారకం పోటీలో 1989లో గెలిచిన నలుగురి డిజైన్‌లో 38 మంది సైనికుల బొమ్మలున్నాయి. పని మరో సంస్థ చేతికి వెళ్లాక అవి 19 అయ్యాయి, ఇంకా చాలా మారాయి. గెలిచినవాళ్లు కోర్టుకెక్కి ఓడిపోయారు. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధ స్మారకానికి వైషార్ వేసిన డిజైన్ కూడా, అప్పటికే అక్కడున్న పార్కుని వీలైనంత కాపాడాలనే ఒత్తిడికి ఎన్నోసార్లు మారింది. 2021లో స్మారకం తెరిచినా, శిల్పం పూర్తయి ఆవిష్కరణ జరిగింది 2024లో. ఆయన మాత్రం చివరిదాకా ఆ పనిలో ఉన్నారు. మార్పులు ఎలాగూ తప్పవు. మార్చేటప్పుడు టేబుల్ దగ్గర డిజైనర్‌కు కుర్చీ ఉందా లేదా అన్నది మాత్రం కాంట్రాక్ట్‌ని బట్టి ఉంటుంది. అందుకే ఆ కాంట్రాక్ట్ ముసాయిదాని పోటీ ప్రకటనతోపాటే అందరికీ ఇవ్వాలంటాను.

అందులో చాలామంది రాయడానికి మొహమాటపడే పేరా ఒకటుంది: డిజైనర్ మధ్యలో చనిపోతే పని ఎవరు పూర్తి చేయాలి? ఒట్టావాలోని కెనడా జాతీయ యుద్ధ స్మారకాన్ని 1926లో గెలుచుకున్న శిల్పి వెర్నన్ మార్చ్ 1930లో కన్నుమూశారు. ఆయన అన్నదమ్ములు ఆరుగురూ, ఒక సోదరీ కలిసి మిగిలిన కాంస్య విగ్రహాలు పూర్తి చేశారు. 1939 మేలో ఆవిష్కరణ జరిగింది. అదే చేతి అలవాటు తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉండటం ఆ స్మారకం చేసుకున్న అదృష్టం. మనం రాసే కాంట్రాక్ట్‌లో మాత్రం ఆ చోట ఒక పేరు రాసి, వాళ్ల సంతకం కూడా తీసుకోవాలి.