ఇద్దరి దగ్గరే ఆగిన సర్కారు లెక్క

ఇంట్లో ఏడుగురు, కార్డు మీద 20 కిలోల బియ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి నడిచిన లెక్క ఇది. తెల్ల కార్డుకు తలకు 4 కిలోలు ఇచ్చేవారు, కానీ కార్డు మొత్తానికి 20 దాటకూడదు. ఐదుగురు పిల్లలున్న ఇంటికి 28 కిలోలు రావాలి కదా, డీలరు కాటా 20 దగ్గరే ఆగేది. మిగతా 8 కిలోలు కిరాణా కొట్లో బయటి రేటుకి, చాలాసార్లు ఖాతా మీద తెచ్చుకోవాల్సిందే. ఆరో మనిషి నుంచి ఆ ఇంట్లో అసలెవరూ పుట్టనట్టే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు కూడా ఇలా కుటుంబానికో సీలింగ్ ఉండేది.

నారు పోసినవాడు నీరు పోయడా అనేవారు పెద్దవాళ్లు. అది దేవుడి మీద భారం వేయడమే కాదు, అందులో లెక్క కూడా ఉంది. పదేళ్ల పిల్లవాడు గొడ్ల వెంట వెళ్తే ఒక జీతగాడి ఖర్చు మిగిలేది. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పత్తి విత్తన చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి ఆడపిల్లల్ని పంపేవారు, వాళ్ల కూలి ఇంటికి ఆసరా. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక ఈ లెక్క తలకిందులైంది. చేతికొచ్చే కూలి పోయి, పుస్తకాలు, ఆటో, ఫీజు నెత్తిన పడ్డాయి.

ప్రభుత్వం పోరు ఇంకోవైపు. కుటుంబ నియంత్రణ కార్యక్రమం దేశంలో 1952లోనే మొదలైంది. మన దగ్గర మాత్రం అది దాదాపుగా ఆడవాళ్ల ఆపరేషనే అయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం వివాహితలు ఆపరేషన్ చేయించుకున్నవారే. సంతానోత్పత్తి రేటు 1.7కి దిగింది. మగవాళ్ల వంతు ఎంతో చెప్పుకోకపోవడమే మర్యాద.

చెప్పి చూడటం అయ్యాక చట్టం వచ్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులయ్యేవారు. ఏడాది గడువిచ్చి, 1995 మే తర్వాత పుట్టినవారిని లెక్కలోకి తీసుకున్నారు. సెలవుల్లోనూ అదే గీత: 2017లో సవరించిన ప్రసూతి చట్టంలో మొదటి ఇద్దరికి 26 వారాలు, మూడో కాన్పుకి 12. మూడోసారైతే బాలింతకు విశ్రాంతి తక్కువ సరిపోతుందా?

తెలంగాణ 2015 జనవరి నుంచి సీలింగ్ ఎత్తేసి తలకు 6 కిలోలు ఇవ్వడం, నా దృష్టిలో పెద్ద కుటుంబాలకు జరిగిన అసలు మేలు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని బడికి పంపే తల్లులకు డబ్బిచ్చే అమ్మ ఒడి పథకం మొదలైనప్పుడు ఇంటికింతేనన్న పాత సీలింగే మళ్లీ కనపడింది. బడికెళ్లే పిల్లలు ఒకరున్నా నలుగురున్నా తల్లికి అందేది ఒకే 15 వేలు. 2025 జూన్‌లో దాని స్థానంలో తల్లికి వందనం పథకం వచ్చాక లెక్క పిల్లల తలలకు మారింది. బడి నిర్వహణకు 2 వేలు పోను ఒక్కొక్కరికి 13 వేలు. ముగ్గురుంటే 39 వేలు.

ఈలోగా రాజకీయం అడ్డం తిరిగింది. జనాభా ముసలిదైపోతోందన్న టెన్షన్‌తో చంద్రబాబు ప్రభుత్వం 2024 నవంబరులో ఇద్దరు పిల్లల నిబంధన రద్దుకు బిల్లులు తెచ్చి అసెంబ్లీలో నెగ్గించుకుంది. తెలంగాణ కేబినెట్ కూడా 2025 అక్టోబరులో అదే నిర్ణయానికొచ్చింది. ముగ్గుర్ని కన్నవాళ్లు ఇక సర్పంచ్ కావచ్చు. సర్పంచ్ పదవి కోసం ఎదురుచూసేవాళ్లు ఊరికి ఎంతమంది? మిగతా ఇళ్లలో పెద్దోడి చొక్కా చిన్నోడికి, వాడి పుస్తకాలు చెల్లికి దిగుతూనే ఉన్నాయి. పని వెతుక్కుంటూ విజయవాడకో హైదరాబాద్‌కో వచ్చి, టులెట్ బోర్డు చూసి తలుపు కొడితే, ఓనరు అద్దె సంగతి తర్వాత చెప్తాడు. ముందు అడిగేది, “పిల్లలెంతమంది?”