ఆటల హాలులోకి సభల కుర్చీలు ఎలా వచ్చాయి?

విజయవాడలో ఇండోర్ స్టేడియం ఆటలకా, సభలకా అన్న తగవు మళ్లీ మొదటికొచ్చింది. తెరపై భీముడిగా అలరించిన వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు పేరు నగరపాలక సంస్థ ఇండోర్ స్టేడియానికి ఎందుకు పెట్టారో నగరవాసులకు వేరే చెప్పనక్కర్లేదు. తగవు మూలం అక్కడ లేదు, రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2న ఉంది.

అంతవరకు పెద్ద పోటీలంటే హైదరాబాదే. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగింది. గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ రాటుదేలింది కూడా ఆ పక్కనే ఉన్న గోపీచంద్ అకాడమీలోనే. విభజనతో అవి తెలంగాణకు ఉండిపోగా, ఇక్కడి ఆటగాళ్లకు మున్సిపల్ హాళ్లే దిక్కయ్యాయి. ఆ తర్వాత ప్రభుత్వ కార్యాలయాలు ఇటు తరలివచ్చి, సభలకూ సమీక్షలకూ చోటు కరవైంది. 2002 నవంబరులో భారత్, వెస్టిండీస్ వన్డే ఆడిన విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 2015 గణతంత్ర దినోత్సవ కవాతు జరిగింది. ఒకప్పుడు పీడబ్ల్యూడీ గ్రౌండుగా పిలుచుకున్న స్వరాజ్య మైదానం ఎగ్జిబిషన్ల నుంచి పుస్తక మహోత్సవం దాకా అన్నింటినీ మోసేది. 2020లో అక్కడ అంబేడ్కర్ స్మారకానికి శంకుస్థాపన జరగడంతో ఆ భారం కూడా స్టేడియాల మీదే పడింది. 2025 జనవరిలో పుస్తక మహోత్సవం ఇందిరాగాంధీ స్టేడియంలోనే జరిగింది.

ఆరుబయట మైదానం కవాతును తట్టుకుంటుంది గానీ, ఇండోర్ హాలులోని చెక్క నేల అంత ఓర్చుకోదు. టెంట్ హౌస్ వాళ్లు ఇనుప కుర్చీలు ఈడ్చిన చోట గీతలు పడతాయి, పలావు నూనె ఒలికిన చోట బూటు జారుతుంది. షటిల్ బరువు అయిదున్నర గ్రాములకు మించదు కనుక, సభ కోసం పెట్టిన పెద్ద కూలర్ గాలికే అది దారి తప్పుతుంది. అంతర్జాతీయ స్థాయి పోటీలకు కోర్టు మీద 12 మీటర్ల ఎత్తు వరకు అడ్డేమీ ఉండకూడదు. వేదిక అలంకరణకు పైకప్పు నుంచి తాళ్లు వేలాడదీసేవారికి ఆ లెక్క పట్టదు. సభ ఒక్కరోజే అంటారు, కానీ సామాను దింపడం, విప్పడం, కడగడం కలిపితే తెల్లవారుజామున వచ్చే పిల్లల సాధన మూడు రోజులు ఆగుతుంది.

అద్దె రాకపోతే కరెంటు బిల్లు ఎవరు కడతారన్నది నిర్వాహకుల మాట. అందులో నిజం లేకపోలేదు. అయితే కోచ్‌లు సభలే వద్దనడం లేదు. కోర్టు మీద మందపాటి పరుపులు పరిచాకే కుర్చీలు వేయాలని, తేదీలు నెల ముందే గేటు దగ్గర బోర్డు మీద రాయాలని మాత్రమే అడుగుతున్నారు.